నమ్మకాన్ని లెక్కగట్టి యాక్సెస్ ఇవ్వడం ఎలా?

ఒకే ఆఫీసులో ఓ యాభై మంది ఉంటే, ఎవరికి ఏ ఫోల్డర్ తెరవాలో అడ్మిన్‌కి నోటికి వచ్చేస్తుంది. అదే నాలుగైదు పరిశోధన బృందాలు, రెండు మూడు సంస్థలు, ఎక్కడెక్కడి నుంచో చేరిన వాలంటీర్లు కలిసి డేటా, కోడ్, సర్వర్లు పంచుకుంటుంటే సంగతి వేరు. సగం మంది మొహం మీరెప్పుడూ చూసి ఉండరు. వాళ్లను పనిలోకి తీసుకున్నది మీరు కాదు, మాన్పించే అధికారమూ మీది కాదు. అయినా "నాకు రైట్ యాక్సెస్ (రాసే అనుమతి) ఇవ్వండి" అన్న మెయిల్ మాత్రం మీకే వస్తుంది. ఇస్తే టెన్షన్, ఇవ్వకపోతే పని ఆగుతుంది. చివరికి చాలామంది అడ్మిన్లు విసుగెత్తి అందరినీ ఒకే గాటన కట్టేసి, "కంట్రిబ్యూటర్" అని ఒక రోల్ ఇచ్చి ఊరుకుంటారు. ఆ రోల్ అందుకున్న మనిషి ఆ తర్వాత ఎలా పనిచేశాడో రోల్‌కి తెలియదు. రెండేళ్లుగా కనిపించని వాడికీ, నిన్న రాత్రి డేటా పాడుచేసిన వాడికీ, రోజూ ఒళ్లు వంచి పనిచేసేవాడికీ అది ఒకేలా తలుపు తీస్తుంది.

ఈ లోటు పూడ్చడానికే కంప్యుటేషనల్ ట్రస్ట్ అనే పద్ధతి ఉంది. నమ్మకాన్ని ఒక సంఖ్యగా రాసి, ప్రోగ్రాం దాన్ని చూసి నిర్ణయం తీసుకునేలా చేయడం. 1994లో స్టీఫెన్ మార్ష్ అనే పరిశోధకుడు స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీలో ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేశాడు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన చాలా ఉంది, అందులో గణితం కూడా దండిగానే ఉంది. మీకు కావలసినంత మేరకు అయితే కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మీ బృందం ఇరవై మంది లోపే అయితే ఇదంతా అక్కర్లేదు. పెద్ద బృందాలకు కూడా కొన్నిసార్లు ఉత్త లెక్కపెట్టడమే సరిపోతుంది. ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్త ఖాతా 4 రోజులు నిండి, 10 మార్పులు చేస్తే పాక్షికంగా తాళం వేసిన పేజీలు తెరుచుకుంటాయి. ఇంకాస్త గట్టి తాళం ఉన్న పేజీలకు 30 రోజులు, 500 మార్పులు కావాలి. సూత్రం లేదు, స్కోరు లేదు, అయినా ఏళ్ల తరబడి నడుస్తోంది. మీ పని అంతటితో తీరితే అక్కడే ఆగిపోండి. తీరదనుకుంటేనే ముందుకు రండి.

మొదట పనులు రాసుకోండి, మనుషుల్ని కాదు

కాగితం తీసుకుని మీ నెట్‌వర్క్‌లో జరిగే పనులన్నీ రాయండి. డేటాసెట్ చదవడం, డ్రాఫ్ట్ బ్రాంచిలో రాయడం, అసలు కోడ్‌లో కలపడం, సర్వర్ మీద పెద్ద జాబ్ నడపడం, రిలీజ్ మీద సంతకం చేయడం, కొత్త సభ్యుడిని చేర్చడం, ఇలా. "ఫలానా ఆయన మంచివాడు" అన్నది ఇక్కడ పనికిరాని సమాచారం. డేటా శుభ్రంగా సర్దేవాడు సర్వర్ నడపడంలో మొద్దు కావచ్చు. అందుకని ఒక్కో మనిషికి ఒక్కో స్కోరు కాకుండా, ఒక్కో మనిషికి పనుల వారీగా విడివిడి స్కోర్లు ఉంచండి. మొత్తం కలిపి ఒకటే నంబర్ ఉంచుకునే సిస్టమ్‌లు చూశాను. వాటిలో వందసార్లు ఫైళ్లు చదివినవాడికి ఒక రోజు డిలీట్ బటన్ కూడా చేతికొస్తుంది.

ఇప్పుడు ప్రతి పని పక్కన రెండు అంకెలు వేయండి. అది సరిగ్గా జరిగితే లాభం ఎంత, తప్పుగా జరిగితే నష్టం ఎంత. రూపాయల్లో కాదు, ఒకదానితో ఒకటి పోల్చుకునేలా ఉజ్జాయింపుగా. ఆ రెండూ ఉంటే ఆ పనికి కావలసిన కనీస నమ్మకం దానంతటదే తేలుతుంది:

కనీస నమ్మకం = నష్టం ÷ (నష్టం + లాభం)

డేటా చదవడంలో లాభం 1, నష్టం 1 అనుకుంటే 0.5 వస్తుంది. అసలు కోడ్‌లో కలపడంలో లాభం 1, నష్టం 9 అయితే 0.9. రిలీజ్ సంతకానికి నష్టం 99 అంటే 0.99. ఈ అంకెల దగ్గర బృందంలో గొడవ తప్పదు, పడనివ్వండి. డేటా బయటికి పొక్కితే ఎంత ఇబ్బందో, సర్వర్ పడిపోతే ఎంత ఇబ్బందో ఆ గొడవలోనే మొదటిసారి అందరికీ ఒకేలా అర్థమవుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదేనని నా అభిప్రాయం. చాలామంది ఇది దాటేసి నేరుగా సూత్రంలోకి దూకుతారు.

పేరుకి ఒకే కీ

స్కోరు దేనికి అంటుకుంటుంది? ఈమెయిల్‌కి అంటిస్తే ఐదు నిమిషాల్లో ఇంకో ఈమెయిల్ పుడుతుంది. చెడ్డ పేరు తెచ్చుకున్నవాడు పాత ఖాతా వదిలేసి కొత్త ముసుగు వేసుకుని వస్తాడు. ఇంకొకడు యాభై ఖాతాలు తెరిచి తనకు తానే ఓట్లు వేసుకుంటాడు. ఈ రెండోదాన్ని సిబిల్ దాడి అంటారు. ఖాతాలను ధ్రువీకరించే నమ్మకమైన కేంద్రం ఏదీ లేకుండా దీన్ని పూర్తిగా ఆపడం ఆచరణలో కుదరదని 2002లోనే జాన్ డూసర్ తన పత్రంలో చూపించాడు. కాబట్టి మీరూ ఏదో ఒక కేంద్రం పెట్టుకోండి. భాగస్వామి సంస్థల లాగిన్‌ను ఒప్పుకోవడం కావచ్చు, ఉన్న సభ్యుడు ఒకరు హామీ ఉండటం కావచ్చు. ఒక మనిషికి ఒకే క్రిప్టో కీ (తను తనేనని నిరూపించుకునే డిజిటల్ తాళంచెవి), దాని మీదే స్కోరు.

ఇంకొకటి, కొత్తవాడి మొదటి స్కోరు ఎప్పుడూ పట్టుబడిన దొంగ స్కోరు కంటే బాగా ఎక్కువ ఉండకూడదు. ఉంటే పట్టుబడినవాడికి కొత్త ఖాతా తెరవడమే లాభసాటి అవుతుంది.

ఏది సాక్ష్యం, ఏది కాదు

ప్రతి సంఘటనకు లాగ్‌లో ఒక వరుస: ఎవరు, ఏ పని, ఎప్పుడు, ఫలితం ఏమిటి, చూసింది ఎవరు. ఈ ఐదూ లేని వరుసను లెక్కలోకి తీసుకోకండి. లాగ్‌ను తర్వాత ఎవరూ దిద్దలేని చోట పెట్టండి, అడ్మిన్ కూడా. చేర్చడమే తప్ప చెరపడం ఉండకూడదు.

ఏది మంచి, ఏది చెడు అని తేల్చుకోవడం అనుకున్నంత సులువు కాదు. నేను మొదటిసారి ఇలాంటిది కట్టినప్పుడు, ఆటోమేటిక్ టెస్ట్ ఫెయిలైతే చెడు అని రాసేశాను. వినడానికి సబబుగానే ఉంది కదా. ఒక పాత టెస్ట్ మాత్రం ఏ కారణమూ లేకుండా అప్పుడప్పుడు తనంతట తానే ఫెయిలయ్యేది. ఎవరు ఎక్కువ మార్పులు పంపితే వాళ్లకే ఎక్కువసార్లు తగిలేది. నెల తిరిగేసరికి మా అందరిలో ఎక్కువ కష్టపడే అమ్మాయికి రైట్ యాక్సెస్ ఊడిపోయింది. మూడు నెలలకోసారి ఒక కామా దిద్దేవాడి స్కోరు మాత్రం మెరిసిపోతోంది. ఆవిడ కోపంగా రాసిన మెసేజ్ చదివాకే నాకు బుర్ర పనిచేసింది.

అప్పటి నుంచి నేను పాటించేది ఇది: మనిషి తీసుకున్న నిర్ణయం వల్ల జరిగిన మంచీ చెడే లెక్క. కలిపిన కోడ్ రెండు వారాలు నిలబడితే మంచి. దాన్ని వెనక్కి తీయాల్సి వస్తే చెడు. రివ్యూలో దొరికిన తప్పు చెడు కాదు, రివ్యూ ఉన్నదే అందుకు. అనుమతి లేని ఫోల్డర్‌ను ఒకసారి తడితే పొరపాటు, అరగంటలో నలభైసార్లు తడితే చెడు. ఊరికే లాగిన్ అవ్వడం మంచీ కాదు, చెడూ కాదు.

లెక్క

ఇక సూత్రం. ఆడున్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ 2002లో బీటా రెప్యుటేషన్ అనే పద్ధతి చెప్పారు. నేను చూసిన వాటిలో ఇంత సులువుగా ఉండి ఇంత బాగా పనిచేసేది ఇంకొకటి లేదు:

అంచనా = (మంచి + 1) ÷ (మంచి + చెడు + 2)

ఏ సాక్ష్యమూ లేని కొత్త మనిషికి 1 ÷ 2, అంటే 0.5. రెండు మంచి పనులు చేస్తే 3 ÷ 4, అంటే 0.75. ఇరవై మంచి, ఒక్క చెడూ లేకపోతే 21 ÷ 22, సుమారు 0.95. పద్దెనిమిది మంచి, రెండు చెడు అయితే 19 ÷ 22, సుమారు 0.86.

ఇక్కడ ఒక చిక్కుంది. 0.75 అన్నది రెండు పనులు చేసి రెండూ బాగా చేసినవాడికీ వస్తుంది, రెండొందల పనుల్లో యాభై చెడగొట్టినవాడికీ దాదాపు అంతే వస్తుంది. మొదటివాడి గురించి మనకేమీ తెలియదు, రెండోవాడి గురించి బాగా తెలుసు. ఈ తేడాను అంకె దాచేస్తోంది. అందుకే యోసాంగ్ ప్రతిపాదించిన సబ్జెక్టివ్ లాజిక్‌లో నమ్మకాన్ని మూడు ముక్కలు చేస్తారు. మూడింటికీ హారం ఒకటే, మంచి + చెడు + 2. పైన "మంచి" పెడితే విశ్వాసం, "చెడు" పెడితే అవిశ్వాసం, 2 పెడితే తెలియనితనం. మూడూ కలిపితే సరిగ్గా 1 వస్తుంది.

పై ఇద్దరినీ ఇందులో చూడండి. రెండు పనులవాడికి విశ్వాసం 2 ÷ 4 అంటే 0.5, తెలియనితనం కూడా 0.5. రెండొందల పనులవాడికి విశ్వాసం 150 ÷ 202, సుమారు 0.74, తెలియనితనం ఒక శాతం లోపు.

నేనేం చేస్తానంటే, చదవడం లాంటి తేలిక పనులకు మొదటి సూత్రంలోని అంచనా వాడతాను. ప్రమాదకరమైన పనులకు విశ్వాసం ముక్క ఒక్కదాన్నే గేటుతో, అంటే ఆ పనికి మొదట తేల్చుకున్న కనీస నమ్మకంతో, పోలుస్తాను. తేడా తెలియాలంటే 0.9 గేటు తీసుకోండి. అంచనా ప్రకారం అయితే మచ్చలేని 8 పనులు చాలు, ఎందుకంటే 9 ÷ 10. విశ్వాసం ప్రకారం 18 కావాలి, 18 ÷ 20. పైగా కొత్తవాడి విశ్వాసం సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఖాతా మార్చి వచ్చినా ప్రమాదకరమైన పనుల దగ్గర కలిసొచ్చేది ఏమీ లేదు.

పాత మంచితనం ఎంతకాలం చెల్లుతుంది?

ఆరునెలల కిందటి సాక్ష్యానికి నిన్నటి సాక్ష్యంతో సమానమైన బరువు ఉండకూడదు. మనిషి మారొచ్చు, కీ ఇంకొకరి చేతిలో పడొచ్చు. సగానికి తగ్గే గడువు ఒకటి పెట్టండి. 90 రోజులు పెడితే, 180 రోజుల కిందటి 40 మంచి పనులు ఇవాళ 10గా లెక్కకొస్తాయి. విశ్వాసం 0.95 నుంచి 0.83కి దిగుతుంది. అంటే 0.9 గేటు మూసుకుంటుంది, చదివే గేటు తెరిచే ఉంటుంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

దీనికోసం ప్రతిసారీ మొత్తం లాగ్ తిరగేయక్కర్లేదు. రోజుకోసారి ప్రతి మొత్తాన్నీ 0.9923తో గుణిస్తే చాలు, 90 రోజులకు సగమవుతుంది.

ఇప్పుడు చాలామంది పడే గుంత. గడువు పెట్టగానే స్కోరుకు ఒక పైకప్పు పడుతుంది. వారానికి ఒక మంచి పని చొప్పున ఎన్నేళ్లు చేసినా, 90 రోజుల గడువుతో ఆ మనిషి "మంచి" మొత్తం 19 దగ్గరే ఆగిపోతుంది. కొత్తది చేరినంత, పాతది కరుగుతూ ఉంటుంది. విశ్వాసం 19 ÷ 21, సుమారు 0.905. వారం చివరికి 0.900 దాకా జారుతుంది. మీరు 0.95 గేటు పెట్టారంటే వారానికి ఒక పని చేసే నిఖార్సైన మనిషి జన్మలో అక్కడికి చేరడు. కాబట్టి గడువునూ గేటునూ వేర్వేరుగా ఎంచుకోకండి. మీ బృందంలో ఒక మామూలు సభ్యుడు నెలకు ఎన్ని పనులు చేస్తాడో చూసి, ఆ మనిషి ఎక్కడ ఆగుతాడో లెక్కేసి, అప్పుడు గడువు పెట్టండి. అరుదుగా జరిగే పనులకు ఏడాది గడువు పెట్టినా తప్పులేదు.

చెడుకి వేరే లెక్క. ఒక మంచి పని, ఒక చెడ్డ పని సమానం కావు. చెడు జరిగితే 5 రెట్ల బరువు వేయండి. పైన చెప్పిన 19 దగ్గర ఉన్న సభ్యుడు ఒక్కసారి పెద్ద తప్పు చేస్తే 19 ÷ 26, అంటే 0.73కి పడిపోతాడు. చెడు కరిగే గడువు కూడా ఎక్కువ ఉండాలి, 90కి బదులు 365 రోజులు అనుకోండి. లేకపోతే తప్పు చేసి మూడు నెలలు మౌనంగా కూర్చుంటే సరిపోతుంది.

ఒకరి మాట మీద ఇంకొకరికి

కొత్తవాడి గురించి మీకు తెలియదు, కానీ భాగస్వామి బృందానికి తెలుసు. వాళ్ల మాట ఎంత నమ్మాలి? పద్ధతి సులువే: వాళ్ల మాట మీద మీకున్న విశ్వాసంతో, వాళ్లకు అతని మీద ఉన్న విశ్వాసాన్ని గుణించండి. మీకు వాళ్ల మీద 0.9, వాళ్లకు అతని మీద 0.91 అయితే మీకు వచ్చేది 0.82. మధ్యలో ఇంకో మనిషి చేరితే ఇంకా పలచబడుతుంది. రెండు చేతులు దాటిన సిఫార్సును నేను పట్టించుకోను.

గుణించే ఆ మొదటి అంకె ఏ పనికి సంబంధించిందో గుర్తుంచుకోండి. బాగా కోడ్ రాసేవాడు మనుషుల్ని బాగా అంచనా వేస్తాడని ఎక్కడా లేదు. సిఫార్సు చేయడం కూడా ఒక పనే. దానికీ విడిగా స్కోరు ఉండాలి. అతను ఇంతకుముందు చేర్పించినవాళ్లు ఎలా తేలారో దాన్నిబట్టి. కీలతో సంతకాలు పెట్టడానికి వాడే జీఎన్‌యూపీజీ అనే ప్రోగ్రాం ఈ తేడాను ఎప్పటి నుంచో పాటిస్తోంది. ఒకరి కీ అసలుదేనా అన్నది ఒక ప్రశ్న, ఆ మనిషి ఇతరుల కీలను సరిచూసి సంతకం పెడతాడా అన్నది ఇంకో ప్రశ్న. ఒక కీని ఒప్పుకోవాలంటే పూర్తిగా నమ్మే ఒక్కరి సంతకమైనా ఉండాలి, కొద్దిగా నమ్మే ముగ్గురివైనా ఉండాలి. మీరేమీ మార్చకపోతే అది పాటించే నియమం అదే.

జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకే సంఘటనను ముగ్గురు చెబితే అది మూడు సాక్ష్యాలు కాదు. సంఘటనకు నంబర్ ఇచ్చి ఒకసారే లెక్కించండి. రెండోది, ఒకరి డబ్బా ఒకరు కొట్టుకునే ముఠాలు. పదిమంది చేరి ఒకరికొకరు మార్కులు వేసుకుంటే పదిమందీ శిఖరాన కూర్చుంటారు. ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌ల కోసం 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తెచ్చిన ఐగెన్‌ట్రస్ట్ పద్ధతిలో దీనికి విరుగుడు ఉంది. ముందే నమ్మిన కొద్దిమంది సభ్యులను ఎంచి, నమ్మకం వాళ్ల దగ్గర నుంచే బయటికి పారేలా చేశారు. ముఠా లోపల ఎంత తిప్పుకున్నా, బయట నుంచి ఏమీ రాకపోతే వాళ్ల వాటా చిన్నదే. అంత గణితం వద్దనుకుంటే నేను పెట్టే సాదా నియమం పెట్టండి: సిఫార్సు బలంతో తెరుచుకునేది చదివే గేటు, డ్రాఫ్ట్ గేటు మాత్రమే. ఆపైన సొంత పని చూపించాల్సిందే.

తలుపుకి బిగించడం

స్కోరు తయారైంది. దాన్ని యాక్సెస్ సిస్టమ్‌కి ఎలా తగిలించాలి? ఉన్న రోల్స్ తీసేయకండి. 2006లో వచ్చిన ట్రస్ట్‌బ్యాక్ నమూనాలో మనిషికి నేరుగా రోల్ ఇవ్వకుండా, నమ్మకపు స్థాయికి రోల్‌ను కట్టారు. స్థాయి మారితే రోల్ మారుతుంది. నేను ఇంకాస్త పిరికివాణ్ని. రోల్ ఉండాలి, దానిపైన స్కోరు కూడా ఉండాలి. స్కోరు ఒక్కటే ఎవరికీ ఏదీ ఇవ్వదు. రోల్ ఇచ్చినదాన్ని కుదించగలదు, అంతే.

తలుపు దగ్గర నిలబడే ప్రోగ్రాం వేరు, నిర్ణయం చెప్పే ప్రోగ్రాం వేరు. యాక్సెస్ నియమాలు రాయడానికి వచ్చిన 2003 నాటి ఎక్స్‌ఏసీఎంఎల్ ప్రమాణం నుంచీ ఈ విభజన ఉంది. ఇవాళ ఓపెన్ పాలసీ ఏజెంట్ లాంటి సాధనాలూ దీన్నే వాడతాయి. తలుపు అడుగుతుంది: "ఫలానా కీ, ఫలానా పని, ఫలానా వస్తువు." నిర్ణయించేది ఈ వరుసలో చూస్తుంది:

నిషేధ జాబితాలో ఉందా? ఉంటే వద్దు.
ఈ పనికి రోల్ ఉందా? లేకపోతే వద్దు.
ఈ పనిలో ఈ కీ విశ్వాసం గేటు దాటిందా? దాటకపోతే వద్దు, లేదా రివ్యూకి పంపు.
ఇప్పటి పరిస్థితి మామూలుగా ఉందా? కొత్త యంత్రం, వింత వేళ అయితే మళ్లీ లాగిన్ అడుగు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో విడుదల చేసిన జీరో ట్రస్ట్ పత్రం 800-207లోనూ ఇలాంటి నిర్ణయ పద్ధతుల వర్గీకరణ ఉంది. షరతులన్నీ తీరాలా లేక స్కోరు చాలా, ప్రతి అభ్యర్థనను విడిగా చూడాలా లేక ఇటీవలి చరిత్రతో కలిపి చూడాలా అని. జీరో ట్రస్ట్ అన్న పేరు చూసి, నమ్మకాన్ని లెక్కగట్టడానికి అది వ్యతిరేకమనుకుంటారు కొందరు. ఆఫీసు నెట్‌వర్క్ లోపల ఉన్నాడు కదా అని నమ్మేయొద్దు అన్నదే దాని భావం. మనం చేస్తున్నదీ అదే.

రెండు చిన్న ఏర్పాట్లు మరిచిపోతే తర్వాత బాధపడతారు. 0.9 దగ్గర తెరిచే గేటును 0.9 దగ్గరే మూయకండి. 0.900 చుట్టూ ఊగే ఆ వారానికో పని సభ్యుడికి పొద్దున యాక్సెస్ ఉండి సాయంత్రం పోతుంది. 0.9 దగ్గర తెరవండి, 0.8 కిందకు దిగితే మూయండి. రెండోది, టోకెన్ (లాగిన్ అయ్యాక చేతికిచ్చే తాత్కాలిక అనుమతి చీటీ) వయసు చిన్నగా ఉండాలి, ఓ 15 నిమిషాలు. పొద్దున ఇచ్చిన టోకెన్ రాత్రిదాకా చెల్లితే మధ్యాహ్నం పడిపోయిన స్కోరుకు అర్థం లేదు. స్కోరు చెప్పే సర్వీసే పడిపోతే ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టండి. చదవడం సాగనివ్వండి, రాయడం ఆపండి.

నీడలో నడపండి, తర్వాత మీరే దాడి చేయండి

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి ఆరు వారాలు సిస్టమ్‌ను నీడలా నడపండి. నిర్ణయాలు రాసుకోవాలి, ఎవరినీ ఆపకూడదు. రోజూ ఆ లాగ్ తీసి "ఇతన్ని ఆపేదట, నిజంగా ఆపాలా?" అని చూసుకోండి. నా పాత టెస్ట్ లాంటి తప్పులన్నీ ఇక్కడే బయటపడతాయి. అంకెలు సర్దుకున్నాక చదివే గేటు నుంచి ఒక్కొక్కటిగా నిజంగా అమలు చేయండి.

తర్వాత దొంగలా ఆలోచించండి. నెల రోజులు బుద్ధిగా ఉండి ఒక తప్పు చేసి, మళ్లీ బుద్ధిగా ఉండే ఖాతా ఒకటి తయారుచేసి వదలండి. ఎన్ని తప్పులకు గేటు మూసుకుంటుంది? చిన్న చిన్న మంచి పనులు వందల్లో చేసి స్కోరు పెంచుకోగలరా? పెంచుకోగలిగితే రోజుకు లెక్కలోకి వచ్చే మంచి పనులకు పరిమితి పెట్టండి.

అసలైన పరీక్ష ఎక్స్‌జెడ్ కథ. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనేది చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఉండే ఫైల్ కుదింపు సాధనం. 2021లో జియా టాన్ పేరుతో ఒక ఖాతా వచ్చింది. రెండేళ్లకు పైగా ఓపిగ్గా, మర్యాదగా పనికొచ్చే మార్పులు పంపింది. ఈలోగా వేరే ఖాతాలు కొన్ని, అలిసిపోయి ఉన్న పాత నిర్వాహకుడి మీద కొత్తవాళ్లకు బాధ్యత ఇవ్వమని ఒత్తిడి తెచ్చాయి. మెల్లగా రిలీజ్ చేసే హక్కు జియా టాన్ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. కంచే చేను మేసింది. ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోతే గుట్టు బయటపడింది. మార్చి 29న ఆయన దాన్ని లోకానికి చెప్పాడు.

ఇప్పుడు ఆ ఖాతాను మన సూత్రంలో వేసి చూడండి. వందల మంచి పనులు, చెడు సున్నా. విశ్వాసం 0.99కి దగ్గర. మన సిస్టమ్ సంతోషంగా తలుపు తీసేది. నాకు తెలిసి ఏ స్కోరూ దీన్ని పట్టుకోలేదు. స్కోరు చూసేది గతాన్ని, అక్కడ గతమే నటన.

అందుకని మొదట రాసుకున్న జాబితాకి వెనక్కి వెళ్లండి. కనీస నమ్మకం 0.99 దగ్గర తేలిన పనులన్నిటినీ స్కోరు నుంచి తప్పించండి. వాటికి ఎప్పుడూ ఇద్దరు మనుషులు, ఆ ఇద్దరూ వేర్వేరు సంస్థల వాళ్లు, ఒకరిని ఒకరు సిఫార్సు చేసుకోనివాళ్లు. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని మేల్కొలిపే స్క్రిప్టు అందరూ చూసే రిపాజిటరీలో లేదు, పంపిణీ చేసిన రిలీజ్ ఫైల్లో మాత్రమే ఉంది. కాబట్టి ఆ రెండో మనిషి ఉత్తినే "సరే" నొక్కకుండా, సోర్స్ నుంచి తనే మళ్లీ బిల్డ్ చేసి పోల్చాలి. ఇది నిజంగా శ్రమే. ఏడాదికి నాలుగైదు రిలీజులకు ఆ శ్రమ పడొచ్చు.

మనుషులకు ఏం చెప్పాలి

స్కోరు అంకెను అందరికీ కనిపించేలా పెట్టకండి. పెడితే పని కోసం కాక అంకె కోసం పనిచేయడం మొదలవుతుంది, పక్కవాడి అంకెతో పోలికలు మొదలవుతాయి. సభ్యుడికి తన సొంత పేజీలో మూడే కనిపించాలి: ఇప్పుడు ఏ గేట్లు తెరిచి ఉన్నాయి, తర్వాతి గేటుకు ఇంకా ఏం కావాలి, ఇటీవల లెక్కలోకి వచ్చిన మంచీ చెడూ ఏవి. ఏదైనా గేటు మూసుకుంటే "అనుమతి లేదు" అన్న మొండి మాట కాకుండా, ఏ సంఘటన వల్ల మూసుకుందో, ఎవరిని అడగాలో చెప్పాలి. సుదీర్ఘ సెలవు మీద వెళ్లొచ్చిన వాళ్లకు కూడా స్కోరు కరిగి ఉంటుంది. వాళ్లను తప్పు చేసినవాళ్లతో కలపకుండా "చాలాకాలంగా పని లేదు" అని విడిగా చూపండి. వచ్చిన కొత్తలో కొద్దిరోజులు వాళ్ల పనికి రివ్యూ పెడితే చాలు.

అప్పీలు వినడానికి ఒక మనిషి ఉండాలి, ప్రోగ్రాం కాదు. వారంలోపు జవాబు ఇవ్వాలి. సభ్యుడి మాటే నిజమని తేలితే లాగ్‌లో ఆ పాత వరుసను చెరపకండి. దాని నంబర్ వేసి, కారణం రాసి, "రద్దు" అని కొత్త వరుస చేర్చండి. ఆ రాత్రి లెక్క మళ్లీ నడిచినప్పుడు స్కోరు సరిపోతుంది, ఎందుకు మారిందో ఆరునెలల తర్వాత చూసేవాళ్లకు కూడా తెలుస్తుంది.